వలస కథలో లెక్క ఏది? మా బడి లైబ్రరీ పీరియడ్ కేస్ స్టడీ

నేను చిత్తూరు, పలమనేరు మధ్యలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. లైబ్రరీ కూడా నా నెత్తి మీదే ఉంది. లైబ్రరీ అంటే రెండు ఇనప బీరువాలు, ఒక పెద్ద చాప, అంతే. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో వలస గురించి, కూలి పని గురించి, కార్మికుల చరిత్ర గురించి ఉన్న పుస్తకాలు చదివించాను. అప్పుడు ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువ భాగం ఒక ఏడో తరగతి అమ్మాయి సంగతి. పిల్లల పేర్లు, ఊరి పేరు రాయను, ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ముందు మా పిలకాయల గురించి. ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు ఊళ్లో ఉండరు. కొందరి నాన్నలు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయి పండగలకి వస్తారు, కొందరి అమ్మలు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతారు, మామిడి కాలం వస్తే గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి కాయలు కోసే పనికి ఇంటికిద్దరు పోతారు. కొందరి అమ్మలు కువైట్‌లో ఇంటిపనిలో ఉన్నారు. పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు కువైట్ ఇళ్లు ఇంకా ఎక్కువ, కానీ మా దగ్గరా లేకపోలేదు. వీళ్లు కాక, ఊరి బయట ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు ఉంటాయి. అక్కడ కొత్త ధాన్యం తినే నువాఖాయి పండగ దాటాక, కూలీల్ని కుదిర్చే సర్దార్ దగ్గర అడ్వాన్సు తీసుకుని బయల్దేరతారు, ఇక్కడ వానలు మొదలయ్యేదాకా పని. వాళ్ల పిల్లలు కొందరు ఏడాదిలో సగం మా బడిలో కూర్చుంటారు, పేరుకి.

ఇక మా బీరువాల్లో ఏమున్నాయి? నీతికథలు, తెనాలి రామకృష్ణుడు, దేశనాయకుల జీవితాలు, బైండింగ్ చేసిన పాత చందమామలు. చందమామ అంటే నాకు గౌరవమే, చిన్నప్పుడు చదవడం అలవాటైంది దాంతోనే, కానీ ఆ కథల్లో దేశాంతరం పోయినవాడు మూటతో తిరిగొస్తాడు, నెలనెలా అవ్వ ఖాతాలో డబ్బులు వేసేవాడు నాకైతే ఎక్కడా తగల్లేదు. కూలివాళ్ల పిల్లల మీద కథలు కొన్ని లేకపోలేదు, అవన్నీ ఒకే వరసలో నడుస్తాయి. పిల్లాడు హోటల్లో కప్పులు కడుగుతుంటాడు, ఒక మంచి మాస్టారు కంట పడతాడు, ఆయన ఫీజు కడతాడు, పిల్లాడు పెద్దయ్యి కలెక్టరు అవుతాడు. హోటలాయన నెలకి ఎంత ఇచ్చేవాడు, ఆ పిల్లాడిని అక్కడ పెట్టింది ఎవరు, ఇంట్లో అప్పు ఎంత, ఇవేవీ ఉండవు. జాలి మాత్రం దండిగా ఉంటుంది.

మా ఏడో తరగతి పిల్లకి ఒక అలవాటు. ఏ పుస్తకం ఇచ్చినా ముందు చివరి పేజీ తిప్పి చూసేది. మొదట్లో నేను దీన్ని తొందరపాటు అనుకున్నాను, చాలామంది పిల్లలు అట్లాగే చేస్తారు కదా. ఒకరోజు అమ్మ పట్నానికి పనికి పోయిన కథ ఒకటి చేతికిస్తే చివరి పేజీ చూసి వెనక్కి ఇచ్చేసింది. "వద్దు మేడమ్, దీంట్లో వాళ్లమ్మ రాదు" అంది. వాళ్లమ్మ కువైట్‌లో ఉంది. పిల్ల అవ్వ దగ్గర పెరుగుతోంది. క్లాసులో నోరు తెరవదు, వ్యాసం రాయమంటే నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటుంది, లెక్కల సార్ మాత్రం ఆ పిల్ల చురుకు అంటారు. ఈ చివరి మాట నాకు తర్వాత పనికొచ్చింది.

మొదట పట్టుకున్నది మాటల్లేని పుస్తకం. ఆస్ట్రేలియా రచయిత షాన్ టాన్ 2006లో వేసిన 'ది అరైవల్'. మొత్తం బొమ్మలే. ఒక నాన్న భార్యని, కూతుర్ని వదిలిపెట్టి పెట్టె పట్టుకుని తెలియని దేశం పోతాడు, అక్కడి అక్షరాలు రచయిత సొంతంగా పుట్టించినవి కాబట్టి లోకంలో ఎవరికీ చదవడం రాదు, ఇంగ్లీషు మీడియం పిల్లాడికీ రాదు, నాకూ రాదు. ఖరీదైన పుస్తకం, స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చాను. అందులో ఒకచోట ఆ నాన్నకి గోడల మీద పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది, అక్షరాలు తెలియక అన్నీ తలకిందులుగా అంటించేస్తాడు, పని పోతుంది. చాప మీద అందరికంటే ముందు నవ్వింది బట్టీ పిల్లాడు. వాడు అప్పటిదాకా క్లాసులో ఎప్పుడూ నవ్వలేదు. మా బస్సు బోర్డులు వాడికి అట్లాగే కనిపిస్తాయట, చేత్తో గాల్లో తలకిందులుగా తిప్పి చూపించాడు. మిగతావాళ్లు నవ్వడం ఆపి ఆ పేజీ మళ్లీ చూశారు.

ఈ పుస్తకంలో నాకు నచ్చేది ఏంటంటే, కష్టం ఉంటుంది, ఏడుపు మీద నిలబడి ఉండదు. ఆ మనిషి గది ఎట్లా అడిగాడు, తిండి ఏది అని ఎట్లా తెలుసుకున్నాడు, పని కోసం ఎన్ని తలుపులు తట్టాడు, బట్టలకి చీటీలు గుచ్చి డాక్టర్లు ఎట్లా చూశారు, అన్నీ ఒక్కో చిన్న గడిలో ఒక్కో బొమ్మగా వస్తాయి. మా పిల్ల చివరి పేజీ ముందే చూసేసింది. ఆ నాన్న దగ్గరికి కుటుంబం వచ్చి చేరుతుంది కాబట్టి ఈసారి పుస్తకం వెనక్కి ఇవ్వలేదు. కానీ ఆగింది మాత్రం ఆ డాక్టరు పరీక్ష బొమ్మల దగ్గర. "మా అమ్మకీ మెడికల్ చేసినారు, రెండుసార్లు, మొదటిది ఫెయిల్ అని మళ్లీ డబ్బులు కట్టించుకున్నారు" అంది. ఆ ఏడాదిలో క్లాసులో ఆ పిల్ల నోట నేను విన్న పొడుగాటి వాక్యం అదే.

బట్టీ పిల్లల కోసం ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే పిల్లల పుస్తకాల వెబ్‌సైట్ వాడాను. 2015 నుంచి ఉంది, ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు, ఒకే పుస్తకం తెలుగులో, ఒడియాలో రెండింట్లో దొరికే సందర్భాలు చాలా ఉన్నాయి. ఎడమ పక్క ఒడియా ప్రింటు, కుడి పక్క తెలుగు ప్రింటు పెట్టి ఇద్దరిద్దరిని కూర్చోబెడితే బాగానే నడిచింది. ఒక్క ఇబ్బంది, వాళ్లు ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి, పుస్తకంలోది బడి ఒడియా. దాన్ని నేను దిద్దబోలేదు, వాళ్లు ఎట్లా చదివితే అట్లాగే.

సమ్మె గురించి చెప్పడానికి నేను ఎంచుకున్నది ఆవుల కథ. డొరీన్ క్రోనిన్ రాసిన 'క్లిక్, క్లాక్, మూ', 2000లో వచ్చింది. ఒక రైతు పాకలో ఆవులకి పాత టైప్‌రైటర్ దొరుకుతుంది, పాకలో చలిగా ఉంది, కరెంటు దుప్పట్లు కావాలని కాగితం రాసి తలుపుకి అంటిస్తాయి, ఇవ్వనంటే పాలు బంద్ అంటాయి, కోళ్లు కూడా కలిసి గుడ్లు బంద్ అంటాయి, మధ్యవర్తి బాతు. ఇంగ్లీషు పుస్తకమే, నేను బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. వేరే ఊళ్లో అయితే పిల్లలు నవ్వి ఊరుకుంటారేమో, మాది పాల జిల్లా. పొద్దున్నే క్యాన్ పట్టుకుని పాల కేంద్రం దగ్గర లైన్లో నిలబడి వచ్చే పిల్లలు వీళ్లు.

ఒకడు వెంటనే అడ్డం పడ్డాడు. "ఆవు పాలు పిండకపోతే పొదుగు గట్టిపడతాది మేడమ్, జొరం వస్తాది, ఇంక సమ్మె చేసి ఏం లాభం, నొప్పి దానికే కదా." నిజమే, పొదుగువాపు రైతు ఇంట్లో అందరికీ తెలిసిన జబ్బు. దానికి ఇంకో పిల్ల, వాళ్ల నాన్న సెంట్రింగ్ పని, "సమ్మె అంటే నొప్పి మొదట చేసేవాళ్లకే, మా నాన్నోళ్లు మేస్త్రీ మీద కోపంతో రెండు రోజులు పనికి పోలేదు, ఇంట్లోకి బియ్యం అప్పు తెచ్చినారు" అంది. ఇక్కడి నుంచి వాదన పెరిగింది. రైతు చెడ్డవాడా? రైతు కొడుకులందరూ కాదన్నారు. పాల కేంద్రంలో ఫ్యాట్ తక్కువ వచ్చిందని రేటు కోస్తే వాళ్ల ఇంట్లో ఏం చేస్తారని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత మొదట అడ్డం పడ్డవాడే అన్నాడు, "మా నాన్న ఆవుకి రైతు, డెయిరీకి ఆవు." నేను ట్రైనింగుల్లో విన్న కార్మిక చరిత్ర ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ ఒక్క ముక్కకి సరిపోవు.

స్టాఫ్ రూములో దీని మీద కొంచెం గొడవ అయ్యింది. ఏడో తరగతికి సమ్మె ఎందుకు, రాజకీయం అవుతుంది అని ఒకరు. నా జవాబు ఒకటే, పిల్లలకి ఈ సంగతులు చెప్పే రోజులు క్యాలెండర్లో ఉన్నా బడికి అందవు. మే 1 వేసవి సెలవుల్లో పోతుంది. బాల కార్మిక వ్యతిరేక దినం జూన్ 12, మామూలుగా మా బళ్లు తెరిచే రోజు అదే, ఆ రోజు పుస్తకాల కిట్లు పంచడానికే ఊపిరాడదు. మే డేకి మూలమైన 1886 షికాగో సమ్మె సంగతి పోనీ, 1918లో మద్రాసులో బి అండ్ సి అనే బట్టల మిల్లు కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది, 1923లో దేశంలో మొదటి మే డే కార్మిక నాయకుడు సింగారవేలర్ జరిపింది అదే మద్రాసులో. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరు. దాని మీద తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకం ఒక్కటైనా నా చేతికి రాలేదు.

తర్వాతది కుట్టు ఫ్యాక్టరీ పుస్తకం. మిషెల్ మార్కెల్ రాసి మెలిస్సా స్వీట్ బొమ్మలు వేసిన 'బ్రేవ్ గర్ల్', 2013. ఉక్రెయిన్ నుంచి న్యూయార్క్ వచ్చిన క్లారా లెమ్లిక్ అనే కుట్టు కార్మికురాలి కథ, 1909లో వేలమంది అమ్మాయిలు చేసిన సమ్మె. బొమ్మల్లో నిజం గుడ్డ ముక్కలు, కుట్లు కనిపిస్తాయి, ఆడపిల్లలు పేజీ మీద వేలు పెట్టి కుట్టు ఏ రకమో చెప్పారు. మాకు పనికొచ్చింది రూల్సు ఉన్న భాగం. కొన్ని నిమిషాలు లేటైతే సగం రోజు కూలి పోతుంది, సూది గుచ్చుకుని గుడ్డ మీద రక్తం పడితే జరిమానా, రెండోసారి అయితే పని నుంచి తీసేస్తారు. దీని మీద నేను ఇచ్చిన పని చాలా చిన్నది, ఇంట్లో ఎవరిదైనా ఒకరి పనిలో ఉన్న రూల్సు అడిగి రాసుకురండి. నీతి రాయక్కర్లేదు, మీకేమనిపించిందో కూడా రాయక్కర్లేదు, రూల్సు మాత్రమే.

వచ్చిన కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. గంటకి ఇన్ని పీసులు టార్గెట్, బాత్రూముకి టోకెన్. గుజ్జు ఫ్యాక్టరీలో గోళ్లు కత్తిరించుకుని రావాలి, గాజులు వేసుకోకూడదు. మేస్త్రీ వారం కూలిలో ఒక రోజుది పట్టి ఉంచుకుంటాడు, పని మధ్యలో వదిలేస్తే అది పోయినట్టే. బట్టీ పిల్లాడు రాయలేదు, చెప్పాడు. వాళ్ల దగ్గర లెక్క వెయ్యి ఇటుకలకి ఇంత, మొగుడు, పెళ్లాం, ఒక పిల్లాడు కలిపి ఒక జట్టు, విరిగిన ఇటుకలు లెక్కలోకి రావు. ఆ జట్టులో మూడోవాడు తనే. ఇది విన్నాక 1986 బాల కార్మిక చట్టం గురించి, 2016 సవరణ గురించి చెప్పకుండా ఎట్లా ఉంటాం. బడి వేళలు పోను సొంత ఇంటి పనిలో సాయం చేయొచ్చు కానీ 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం అని చెప్పాను. "అయితే నేను ఇంట్లో ఆవుల్ని కడగొచ్చు, వాడు ఇటుక తీయకూడదా" అని రైతు పిల్లాడు అడిగాడు. అవును అన్నాను. "మరి వాళ్ల సర్దార్ ముగ్గురికీ కలిపే కదా డబ్బు ఇచ్చింది" అన్నాడు. చట్టం చదివినవాళ్లకి ఎందరికి తడుతుంది ఈ ప్రశ్న?

మా ఏడో తరగతి పిల్ల రూల్స్ కాగితం ఇవ్వలేదు. అడగలేదు నేను కూడా.

ఆ పిల్లని కదిలించింది పుస్తకం కాదు, పాత రిజిస్టరు. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి దక్షిణాఫ్రికా నాటల్‌కి లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలు ఓడల్లో పోయారు, ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ ఓడల జాబితాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తానా (పోలీసు స్టేషను పరిధి), ఊరు, ఒంటి మీద గుర్తులు, ఇవీ గడులు. అప్పట్లో మనది ఉత్తర ఆర్కాటు జిల్లా, ముఖ్య పట్టణం చిత్తూరే, 1911లో చిత్తూరు జిల్లా విడిగా వచ్చింది. ఆ జాబితాల్లో ఉత్తర ఆర్కాటు వాళ్లు దండిగా ఉన్నారు. ఈ సంగతి మీద తెలుగులో పిల్లల పుస్తకం దొరక్క నేనే ఒక షీటు తయారు చేశాను, ఒక పక్క ఖాళీ గడులు, ఇంకో పక్క ఒప్పందం లెక్క. అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెంపు, తిండి దినుసులు వేరే. ఒప్పందం అయ్యాక అక్కడే ఉండిపోతే 1895 చట్టం ప్రకారం ఏడాదికి 3 పౌన్ల పన్ను. పౌను అంటే 20 షిల్లింగులు.

పన్ను ఎన్ని నెలల కూలి అవుతుంది అని బోర్డు మీద రాశాను. చెయ్యి ఎత్తింది మా పిల్లే. ఆరు నెలలు, మొదటి ఏడాది కూలి ప్రకారం అయితే, పెంపు వేసుకుంటే కొంచెం తక్కువ. అక్కడితో ఆగలేదు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని మూడు పౌన్లా అని అడిగింది. 1903 నుంచి 16 దాటిన మగపిల్లలకి, 13 దాటిన ఆడపిల్లలకి కూడా పన్ను పడింది అని చెప్పాను. ఏడో తరగతి ఆడపిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, పోయిన నెలే 13 నిండినవాళ్లు అందులో ఉన్నారు. 1913లో బొగ్గు గనుల్లో, చెరకు తోటల్లో కూలీలు పని ఆపేసిందీ, గాంధీ వాళ్లతో నడిచిందీ, 1914లో ఆ పన్ను ఎత్తేసిందీ చెప్పేసరికి గంట కొట్టారు. మామూలుగా గంట కొట్టగానే చాప ఖాళీ అయిపోతుంది, ఆ రోజు అట్లా కాలేదు.

మర్నాడు ఆ పిల్ల నోట్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయింది. లోపల వాళ్లమ్మ లెక్క. ఏజెంటుకి ఇచ్చింది, దానికి వడ్డీ, మెడికల్ రెండుసార్లు, తిరుపతి పోయి రావడానికి బస్సు, బంగారం తాకట్టు, ఇంటికి ఏ నెలలో ఎంత పంపింది, ఏ నెలలో పంపలేదు. కింద ఒక ప్రశ్న. ఆ ఓడ కాగితం ఎవరి దగ్గర ఉంటాది మేడమ్, మా అమ్మ పాస్‌పోర్టు బాబా దగ్గర ఉంది. కువైట్‌లో పనిచేసే ఆడవాళ్లు ఇంటి యజమానిని బాబా అంటారు.

దీనికి కథతో జవాబు చెప్పలేం, ఉన్నది చెప్పాలి. కువైట్‌లో ఇంటిపని వాళ్లకి 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని పట్టి ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లు అన్నారు. మన వైపు చూస్తే, పదో తరగతి పాసవని వాళ్లకి ఈసీఆర్ (పనికి విదేశం పోయే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన) పాస్‌పోర్టు, దాని మీద గల్ఫ్‌కి ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్లు నిండి ఉండాలి. కాగితం మీద ఉన్నదీ ఇంట్లో జరిగేదీ వేరని ఆ పిల్లకి నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ ఒక పేజీలో తెలుగులో రాసిచ్చాను. ఆ వారం ఫోన్లో వాళ్లమ్మని అడిగిందట, సెలవు ఉందా అని. శుక్రవారం మధ్యాహ్నం కొంచెంసేపు అందట. తర్వాత, ఇవన్నీ బడిలో ఎవరికీ చెప్పొద్దని కూడా అందట.

అవ్వ వచ్చింది నాలుగు రోజులకి. కోపంగా రాలేదు, భయంగా వచ్చింది. "మా ఇంటి లెక్కలు బడిలో గోడకెక్కించేదేంది మేడమ్, అప్పిచ్చినోళ్ల పిలకాయలూ ఈ బడిలోనే ఉండారు." గోడకెక్కించలేదు, నోట్‌బుక్ పిల్ల దగ్గరే ఉందని చూపించాను. ఆమె మాటలో న్యాయం ఉంది. బెంగళూరు పోయినా, కువైట్ పోయినా, ఊళ్లో ఆ సంగతి అప్పుతో ముడిపడి ఉంటుంది, అప్పిచ్చింది పక్కింటివాళ్లే అయి ఉంటారు. అందుకే ఈ పుస్తకాల పని ఎవరు చేసినా గోడ పత్రికలు, ఎగ్జిబిషన్లు, స్టేజీ మీద నా కథ చెప్పడాలు పెట్టొద్దు. ఫొటోలు తీసి గ్రూపులో పెట్టడం అసలే వద్దు. పై అధికారులకి రిపోర్టు కావాలంటే చదివిన పుస్తకాల జాబితా ఇస్తే చాలు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి. మార్కులు ఎగబాకాయని చెప్పను, ఎగబాకలేదు. వ్యాసాలు మాత్రం పేజీ దాటుతున్నాయి, అంకెలు ఉన్న చోట ఇంకా పొడుగు. చివరి పేజీ ముందు చూసే అలవాటు పోలేదు, పోవాలని నేనూ అనుకోవడం లేదు. కానీ వెనక్కి ఇచ్చేయడం తగ్గింది. ఈ మధ్య కప్పులు కడిగే పిల్లాడి కథ చదివి వచ్చి, "ఆ హోటలాయన వాళ్ల నాన్నకి ముందే డబ్బిచ్చి ఉంటాడు మేడమ్, లేకుంటే పిల్లోడు పారిపోతాడు కదా" అంది. ఆ కథ రాసినాయనకి ఈ ఆలోచన వచ్చి ఉండదు.

బట్టీ పిల్లలు వానలకి ముందే వెళ్లిపోయారు. మళ్లీ ఇదే బట్టీకి వస్తారా, వేరే రాష్ట్రం పోతారా అన్నది సర్దార్ చేతిలో ఉంటుంది. పోయేటప్పుడు ఒడియా ప్రింట్లు వాళ్లకే ఇచ్చేశాను, లామినేషన్ చేయించి, ఎందుకంటే బట్టీ గుడిసెలో మామూలు కాగితం వారం ఆగదు.

ఎవరైనా మీ బడిలో ఇది చేయాలనుకుంటే నా వరకు కుదిరిన వరస ఇది. ముందు మాటల్లేని పుస్తకం, దాంతో ఎవరికీ తక్కువతనం ఉండదు. తర్వాత ఆవుల కథ, ఆరో తరగతికి కూడా నడుస్తుంది. కుట్టు ఫ్యాక్టరీ పుస్తకం ఏడు, ఎనిమిదికి. 1911లో అదే న్యూయార్క్‌లో ట్రయాంగిల్ ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయిన సంగతి ఎనిమిదో తరగతికి మాత్రమే చెప్పాను, అమ్మలు ఫ్యాక్టరీల్లో ఉన్న చిన్నపిల్లలకి అది రాత్రి నిద్ర పట్టనివ్వదు. ఓడ రిజిస్టరు చివరికి. లెక్కల సార్ని కూడా ఆ రోజు చాప మీద కూర్చోబెట్టండి, షిల్లింగులు, పౌన్లు ఆయన చెప్తే ఇంకా బాగుంటుంది, మా సార్ వచ్చే ఏడాది వస్తానన్నారు.